మెడలో గింజ

సముద్రం దాటిస్తే తప్ప సుక్కడు బతకడని ముందుగా తేల్చుకున్నది జంపక్కే.

ఆ మాట విని పల్లె పల్లెంతా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? చర్ల నుంచి వాగు దాటి, అడవిలో ఒక పూట నడిస్తే వచ్చే కోయ పల్లె అది. భద్రాచలం గోపురాన్ని కళ్లారా చూసినవాళ్లు అందులో సగం మంది కూడా ఉండరు. జంపక్క మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు. ఇంత పోడు చేసుకుని, ఎండాకాలం ఇప్పపువ్వు ఏరుకుని బతుకుతోంది. అలాంటి మనిషి తన కుక్కను విమానమెక్కించి జర్మనీ పంపుతానంటే ఎవరికి నవ్వు రాదు? మరిది భద్రయ్య అయితే చేతిలోని కల్లు దొప్ప కింద పెట్టి మరీ నవ్వాడు.

"కుక్క తోక పట్టుకొని గోదారి ఈదుడంటే ఇన్న గని వదినా, నువ్వు ఏకంగా సముద్రమే ఈదుతానంటివి."

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకు పంపాలనుకుంటోందో అందరికీ తెలుసు, నోరు విప్పి ఎవరూ అనరు, అంతే. వాగు అవతల రెండు పల్లెల్లో అప్పటికే ఒక్క కుక్క మిగల్లేదు. అడవిలోవాళ్లు చీకట్లో ఊళ్ల పక్కనుంచి నడుస్తుంటే కుక్కలు మొరుగుతున్నాయట. ఆ మొరుగుడు విని క్యాంపులో పోలీసులు లేచి కూర్చుంటున్నారట. ఎవరి కుక్కను వాళ్లే చంపుకోవాలని అడవిలోంచి కబురు వచ్చింది, చంపుకున్నారు. ఆ తర్వాత పోలీసులు వచ్చి, మీ ఊళ్లో కుక్కలేమయ్యాయి, ఎవరి కోసం చంపారు అని మగవాళ్లను పట్టుకుపోయి ఒళ్లు హూనం చేసి పంపారు. కుక్క మొరిగితే వాళ్లకు కోపం, మొరగకపోతే వీళ్లకు అనుమానం. అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఆ కబురు ఇవాళ కాకపోతే రేపు తమ పల్లెకూ వస్తుందని జంపక్కకు తెలుసు.

పోతే పోయిందిలే అనుకునే కుక్క కాదు సుక్కడు. నుదుటి మీద తెల్ల చుక్క ఉందని ఆ పేరు పెట్టింది గానీ, చూడ్డానికి వాడిలో గొప్పేమీ లేదు. బక్క కుక్క, ఎర్రమట్టి రంగు. మూడేళ్ల కింద ఇప్పపువ్వు రాలే కాలంలో, తెల్లవారుతుండగా చెట్టు కింద వంగి పువ్వు ఏరుతుంటే జంపక్క మీద ఎలుగుబంటి పడింది. ఒక్క దెబ్బకు నెత్తి మీది తోలు చెవి దాకా లేచిపోయింది. సుక్కడు అప్పటికి ఎదిగీ ఎదగని పిల్ల. ఎలుగు వెనక కాలు పట్టుకుని వేలాడాడు. అది విదిలించి కొట్టింది, పొట్ట చీరింది, అయినా వదల్లేదు. వాడి సంగతి చూడ్డానికి ఎలుగు వెనక్కి తిరిగేలోపు జనం కేకలేసుకుంటూ వచ్చారు.

జర్మనీ నుంచి వచ్చి పల్లె చివర రేకుల షెడ్డులో దవాఖానా నడుపుతున్న క్లారా డాక్టరమ్మ ఆ పూటే ఇద్దరికీ కుట్లు వేసింది. ముందు జంపక్క నెత్తికి, తర్వాత సుక్కడి పొట్టకు. అప్పటినుంచి సుక్కడికి రెండిళ్లు. పగలు డాక్టరమ్మ బల్ల కింద, రాత్రి జంపక్క గడపలో. జంపక్కకు కూడా ఆ దవాఖానాలోనే ఊడ్చే పని దొరికింది. వాడు కుక్క అనే సంగతి ఆమెకు గుర్తుండేది కాదు. తను తినే ముద్దలో సగం వాడిదే. ఎవరైనా వాడిని రాయి పెట్టి కొడితే వాళ్ల ఏడు తరాల్నీ దులిపేసేది.

ఈ ఏడాది డాక్టరమ్మ వీసా గడువు తీరింది. ఏటా పొడిగించేవాళ్లు, ఈసారి పొడిగించలేదు. అడవి అంచున విదేశీయులకు పనేమిటన్నారు. ఎవరికి మందులిస్తున్నావు, ఎవరికి కట్లు కడుతున్నావు అని రెండుసార్లు పిలిపించి కూర్చోబెట్టారు. జ్వరమొచ్చిన ప్రతివాడికీ ఇస్తున్నానని ఆమె చెప్పింది. అదే తప్పయింది కాబోలు, ఎండాకాలం అయిపోయేలోపు దేశం విడిచి వెళ్లిపోవాలని కాగితం చేతికిచ్చారు.

డాక్టరమ్మ మందుల పెట్టెలు సర్దుతుంటే జంపక్క వచ్చి ఎదురుగా నిలబడింది.

"సుక్కణ్ణి నువ్వు తీస్కపో డాక్టరమ్మా. ఈడ ఉంటే నా చేతులతోటే చంపమంటరు."

డాక్టరమ్మ ముందు అంత దూరం ఆలోచించలేదు. భద్రాచలంలో తన జీపు డ్రైవరు తిరుపతి ఇంట్లో సుక్కణ్ణి కట్టేద్దామంది. కట్టేశారు కూడా. వారం తిరక్కుండానే సుక్కడు తాడు కొరికేసి, అరవై కిలోమీటర్ల రోడ్డూ ఆ మీద అడవీ నడిచి, అరికాళ్లు పగిలి జంపక్క గడపలో వచ్చి పడ్డాడు. ఎక్కడ దించినా వీడు నడిచొస్తాడు, నడిచి రాలేనంత దూరం పంపితేనే బతుకుతాడు అని అప్పుడు తేలింది. సముద్రం సంగతి అలా వచ్చింది.

చర్ల పశువుల దవాఖానాలో డాక్టరు ప్రభాకర్. ఖమ్మం దిక్కు మనిషి, ఈ అడవిలో వేసినందుకు ప్రభుత్వాన్ని రోజూ తిట్టుకునేవాడు గానీ చేతికి వచ్చిన పశువును మాత్రం తిట్టేవాడు కాదు. క్లారమ్మ తన దేశానికి ఫోన్లు చేసి కనుక్కున్న సంగతులన్నీ అతనే జంపక్కకు విడమరిచి చెప్పాడు. కుక్కకు వీసా అక్కర్లేదు గానీ అంతకు మించిన తతంగం ఉంది. ముందు మెడ దగ్గర తోలు కింద బియ్యం గింజంత చిప్పు పెట్టాలి, అందులో ఒక నంబరుంటుంది. అది పెట్టాకే పిచ్చికుక్క రోగం టీకా వేయాలి, ముందు వేస్తే చెల్లదు. నెలాగి నెత్తురు తీసి వాళ్ల దేశపు ల్యాబుకు పంపాలి. టీకా ఒంటికి పట్టిందని వాళ్లు రాయాలి. నెత్తురు తీసిన నాటినుంచి మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలల్లో ఏ రోగమూ బయటపడకూడదు. అప్పుడు ప్రభాకర్ మిషన్‌తో నంబరు చూసి సర్టిఫికెట్ రాస్తే విమానం.

అంతా విని జంపక్కకు ఒక అనుమానం వచ్చింది.

"మరి నేను పోవాలంటే ఏమేం కావాలె సారు?"

"నీకా? పాసుపోర్టు కావాలె, వీసా కావాలె. అన్నిటికంటే ముందు పోలీసోళ్ల ఎంక్వైరీ. మీ ఊరి పేరు చెప్పంగనే ఆడనే ఆగుతది. నీకంటే సుక్కడే నయం జంపక్కా."

జంపక్క నవ్వింది. తనెక్కడికి పోతుంది, వానలు పడితే పోడులో జొన్న చల్లుకోవద్దా?

డాక్టరమ్మ ఉండగానే చిప్పు పెట్టారు, టీకా వేశారు, నెల తిరిగాక నెత్తురు తీశారు. జంపక్క వాడి తల ఒళ్లో పెట్టుకుని, మూతి మూసి పట్టుకుంది. వాడు ఆమె కళ్లలోకి చూస్తూ ఊరుకున్నాడు. ఆ తర్వాత డాక్టరమ్మ వెళ్లిపోయింది. దవాఖానాకు తాళం పడింది. నెత్తురు రిపోర్టు మంచిగానే వచ్చిందని ప్రభాకర్ కబురు పంపాడు. ఇక మిగిలింది ఆ మూడు నెలలు వాణ్ణి కడుపులో పెట్టుకుని కాపాడటమే.

చిప్పు గురించి జంపక్కకు చెప్పలేదని కాదు. చెప్పారు. నంబరు లోపల ఉంది, అదే వాడి గుర్తు అన్నారు. లోపల ఉన్నది బయటికొస్తే ఏమవుతుందో మాత్రం ఎవరూ అనలేదు. వాడికి ఎన్ని సూదులు పొడిచారో, ఏ సూదిలో ఏం పోయిందో ఎవరికి జ్ఞాపకం? మందు నెత్తురులో కలిసినట్టే ఆ నంబరు కూడా ఒంట్లో కలిసిపోయి ఉంటుందని ఆమె అనుకుంది. చదువుకున్నవాళ్లకు ఈ జబ్బొకటుంది, తమకు తెలిసిన సంగతి ఎదుటివాళ్లకు పుట్టుకతోనే తెలుసనుకుంటారు.

వానలు పట్టాయి. వాగు పొంగి చర్ల దారి తెగిపోయింది. ఆ ముసురులో సుక్కడి మెడ మీద గడ్డ లేచింది. మొదట తునికిపండంత ఉన్నది నిమ్మకాయంత అయింది. వాడు గంజి కూడా ముట్టడం మానేసి, మూలన ముడుచుకుని వణకసాగాడు. ఏ రోగమూ బయటపడకూడదన్న ప్రభాకర్ మాటే జంపక్క చెవిలో జోరీగలా మోగింది. ఈ గడ్డ చూస్తే సర్టిఫికెట్ రాయడు. రాయకపోతే విమానం లేదు. విమానం లేకపోతే వీడి పని అయిపోయినట్టే. వాగు తగ్గేదాకా ఆగితే గడ్డే వాణ్ణి చంపేలా ఉంది.

పోతయ్య తాత దగ్గరికి పరుగెత్తింది. పల్లెలో దేవర కొలుపు చేసేదీ ఆయనే, వైద్యం చేసేదీ ఆయనే. అక్కడ గడ్డకు మందు వాత. ఎద్దు మెడ వాచినా అదే, పసిపిల్లకు పొట్ట ఉబ్బినా అదే. జంపక్క పొట్ట మీదా బొడ్డు చుట్టూ చిన్నప్పటి వాతలున్నాయి. పోతయ్య కొడవలి మొనను నిప్పుల్లో ఎర్రగా కాల్చాడు. జంపక్క ఎప్పటిలాగే తల ఒళ్లో పెట్టుకుని మూతి మూసి పట్టుకుంది. కొడవలి మొన తగలగానే గడ్డ చిట్లి చీము కారింది. పోతయ్య బొటనవేళ్లతో చుట్టూ నొక్కాడు. చీముతో పాటు గట్టిదేదో చిన్నది కింద పట్టిన ఆకులోకి జారింది. ముసలాయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ముల్లు బిడ్డా. లోపల ఇరిగి ఉన్నది. అందుకే గిట్ల వాచింది."

జబ్బు ఒంట్లోంచి వచ్చినదేదీ నేల మీద పడకూడదు, పడితే ఇంకొకరిని పట్టుకుంటుంది. అది వాళ్ల కట్టుబాటు. పోతయ్య ఆకును మడిచి అన్నీ కలిపి నిప్పుల్లో పడేశాడు. పుండు మీద పసుపు అద్దాడు. రెండు మూడు రోజుల్లో సుక్కడు లేచి గంజి తాగాడు, ఆ మర్నాడు కోళ్ల వెంట పడ్డాడు. జంపక్క సంతోషం పట్టలేక పోతయ్యకు పుంజునిచ్చి కాళ్లకు మొక్కింది. గండం గడిచిందనుకుంది.

వానలు వెనకబట్టి వాగు తగ్గింది. మూడు నెలలూ నిండాయి. క్లారమ్మ చేసిన ఏర్పాటు ప్రకారం తిరుపతి జీపు తీసుకుని చర్లలో కాచుకుని ఉన్నాడు. హైదరాబాదులో సుక్కణ్ణి విమానమెక్కించే పెట్టె కూడా సిద్ధమైంది. జంపక్క సుక్కణ్ణి వాగులో రుద్ది కడిగి, కొత్త తాడు కట్టి తీసుకొచ్చింది. తన పాత చీర ముక్క ఒకటి చంకన పెట్టుకుంది. పెట్టెలో పరిస్తే ఆ వాసనకు వాడు భయపడకుండా పడుకుంటాడని ఆమె ఆశ. దారి పొడుగునా వాడితో మాట్లాడుతూనే ఉంది. అక్కడ మంచు పడుతుందట, ఎలుగులు లేవట, డాక్టరమ్మను మాత్రం సతాయించొద్దు.

ప్రభాకర్ మిషన్ తెచ్చి సుక్కడి మెడ మీద ఆనించాడు. కూత రావాలి. రాలేదు. మెడంతా తిప్పాడు, భుజాల మీద, డొక్కల మీద తిప్పాడు. బ్యాటరీలు మార్చాడు. డాక్టరమ్మ ఇచ్చి వెళ్లిన ఇంకో చిప్పు బీరువాలో ఉంటే దాని మీద పెట్టి చూశాడు. మిషన్ చక్కగా కూసింది. అప్పుడు వెంట్రుకలు పాయదీసి చూశాడు. కొడవలి మొనంత వాత నున్నగా మెరుస్తోంది.

"ఇది ఎవరు పెట్టిండ్రు?"

"పోతయ్య తాత. వానలల్ల గడ్డ లేచింది సారు. లోపల ముల్లు ఇరిగుండె. తీసిండు."

"ఎంతుండె ముల్లు?"

జంపక్క చూపుడువేలి కొస మీద బొటనవేలు పెట్టి చూపించింది.

"బియ్యం గింజంత."

ఆ మాట తన నోట్లోంచి బయటపడ్డాక గానీ ఆమెకు వెలగలేదు. ప్రభాకర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. స్టూలు మీద కూలబడి, దాన్ని ఏం చేశారని మెల్లగా అడిగాడు. నిప్పుల్లో వేశామంది. అతను తల ఊపాడు. రిపోర్టు మీద ఉన్నది చిప్పులోని నంబరు. చిప్పు లేకపోతే ఆ టీకా, ఆ నెత్తురు, ఆ మూడు నెలలు ఏ కుక్కవో ఎవరూ చెప్పలేరు. మళ్లీ చిప్పు, మళ్లీ టీకా, మళ్లీ నెత్తురు, మళ్లీ మూడు నెలలు. మొదటికొచ్చింది.

"సారు, వీడు సుక్కడే గదా. నీకు తెల్వదా?"

"నాకు ఎరుకనే జంపక్కా. మిషన్‌కు ఎరుక లేదు."

తిరుపతి ఫోన్ కలిపి ఇస్తే అవతల డాక్టరమ్మ జరిగిందంతా చెప్పించుకుని వింది. తర్వాత, నేను సరిగ్గా చెప్పలేదు జంపక్కా, తప్పు నాది అంది. కాదు, నాదే అంది జంపక్క. ఇద్దరూ ఏడ్చారు. ఏడిస్తే నెలలు తగ్గవు గదా. ప్రభాకర్ అప్పటికప్పుడే రెండో చిప్పు పెట్టి, టీకా వేశాడు. ఈసారి పల్లెకు పంపనన్నాడు. పశువుల దవాఖానా వెనక కొట్టంలో, గుంజకు ఇనప గొలుసుతో కట్టేశాడు. తాడంటే కొరుకుతాడు గానీ ఇనుమునేం చేస్తాడు? జంపక్క చీర ముక్క వాడి కింద పరిచి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. చర్ల ఊరు దాటేదాకా వాడి మొరుగుడు వినిపిస్తూనే ఉంది.

పల్లెకు చేరిన కొద్దిరోజులకే కబురు వచ్చింది. తెచ్చింది భద్రయ్యే. అడవిలోవాళ్లు అతన్నే పిలిపించి చెప్పారు, పల్లెలో కుక్క గొంతు వినపడకూడదని, వినపడితే ఆ ఇంటివాళ్లు పోలీసుల మనుషులే అనుకుంటామని. ఎవరి కుక్కను వాళ్లు అడవిలోకి తీసుకుపోయారు. భద్రయ్య తన కుక్కను తనే కొట్టి వచ్చి, వాగు ఒడ్డున కూర్చుని వాంతి చేసుకున్నాడు. జంపక్క ఆ రోజు గుడిసె దాటి రాలేదు. తన కుక్క ఒక్కటే బతికి ఉన్నందుకు ఆమెకు లోపల్లోపల సంతోషంగా ఉంది. ఆ సంతోషానికి సిగ్గుగానూ ఉంది.

ఇంకో నాలుగు రోజులకు, మిట్టమధ్యాహ్నం పొయ్యి ముందు కూర్చుని ఉంటే పల్లె ఆ చివర కుక్క మొరిగింది.

ఆమెకు ఆ గొంతు తెలుసు. తెలియకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకుంది. లేచి బయటికొచ్చేసరికి సుక్కడు మెడలో గొలుసుతో, గొలుసు చివర పీకుకొచ్చిన గుంజతో పల్లె నడుమ నిలబడి ఉన్నాడు. వానలకు నానిన నేల, గుంజ ఊడి వచ్చింది. ఇన్నాళ్లకు ఇంటికొచ్చానని ఊళ్లోని కుక్కలకు చెప్పుకుంటున్నాడు. ఒకటీ పలకలేదు. ఇంకా గట్టిగా మొరిగాడు. గుంజ ఈడ్చుకుంటూ ఒక్కో ఇంటి ముందుకూ వెళ్లి, ఆ ఇంటి కుక్క పడుకునే చోటు వాసన చూసి, మొరిగి, ఇంకో ఇంటికి పోతున్నాడు. జంపక్క పరుగెత్తి వాడి మూతి గట్టిగా మూసి, అలాగే నేల మీద కూలబడింది.

గుడిసెల్లోంచి జనం వచ్చి దూరంగా నిలబడ్డారు. భద్రయ్య, పోతయ్య తాత మాత్రం దగ్గరికి వచ్చారు.

"వదినా, అడవిలోవాళ్లు వాగు కాడనే ఉన్నరు. మొరుగుడు ఇన్నరు."

"చర్లకు తీస్కపోత. ఇప్పుడే పోత, జల్దీ పోత."

"చర్ల తొవ్వ క్యాంపు ముంగట్నుంచే గదా. కుక్కను పట్టుకొని ఇప్పుడు నువ్వు క్యాంపు దిక్కు పోతే నిన్నేమంటరో ఎరికేనా? నిన్నే కాదు, పొద్దుగూకితే ఊరినే అడుగుతరు."

జంపక్క అందరి మొహాలూ చూసింది. వాళ్లంతా తమ కుక్కల్ని చంపుకున్నవాళ్లే. ఆమె మీద ఎవరికీ కోపం లేదు. కోపం ఉంటే తిట్టి గెలిచేది. భయమే ఉంది, దాంతో ఎవరు గెలుస్తారు?

"నేను చేస్త బిడ్డా. నువ్వు లోపటికి పో," అన్నాడు పోతయ్య.

"వద్దు తాతా. నా చేతుల్లనే వాడు ఊకుంటడు."

గొలుసు విప్పేసింది. కుండలో ఉన్న అన్నమంతా ఎండుచేపతో కలిపి పెట్టింది. సుక్కడు ఆకలి మీద ఉన్నాడు, గిన్నె నాకేదాకా తిన్నాడు. తర్వాత ఆమె వెంట తోక ఊపుకుంటూ ఆనాడు ఎలుగు ఆమె మీద పడిన ఇప్పచెట్టు కిందికి నడిచాడు. ఆమె కూర్చుంటే అలవాటుగా వచ్చి ఒళ్లో తల పెట్టాడు. భద్రయ్య తాడు అందించి పక్కకు తిరిగి నిలబడ్డాడు.

ఆమె వాడి మెడ నిమిరింది. వాత మచ్చ తగిలింది. దాని పక్కనే తోలు కింద, వేలితో నొక్కితే కాస్త కదులుతూ, గింజ తగిలింది. ఈసారి అది ఏమిటో ఆమెకు బాగా తెలుసు. చీమూ లేదు, వాపూ లేదు, పెట్టిన చోటే కుదురుగా ఉంది. సుక్కడు ఆమె చెయ్యి నాకాడు.

జంపక్క తాడు చుట్టింది. గింజ మీద పడకుండా కొంచెం పైకి జరిపి ముడి వేసింది.